కందిగింజంత చాలు: ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య థర్మల్ పేస్ట్

కంప్యూటర్ ప్రాసెసర్‌కీ, దాన్ని చల్లబరిచే కూలర్‌కీ మధ్య రాసే ముద్దే థర్మల్ పేస్ట్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలున్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి అది అడిగితే కౌంటర్ మీదికి రకరకాల సరుకు వస్తుంది. ఆంప్లిఫయర్లు బాగుచేసేవాళ్ళు వాడే తెల్లటి హీట్‌సింక్ కాంపౌండ్ ఒకటి, బూడిదరంగు పేస్ట్ నింపిన మామూలు సిరంజి ఒకటి, అంతకు రెండు మూడింతలు ధర పలికే మెరుగు పెట్టెలోని సిరంజి ఇంకొకటి. ఆ మెరుగు పెట్టె మీద ఉష్ణవాహకత అంకె, అంటే వేడిని ఎంత బాగా మోస్తుందో చెప్పే అంకె (వాట్/మీటర్-కెల్విన్‌లలో), లావుపాటి అక్షరాల్లో ఉంటుంది: 8.5, 12.5, 14.3. బేరమంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. తీరా ఇంటికొచ్చి బిగించాక ప్రాసెసర్ ఎన్ని డిగ్రీల దగ్గర నిలుస్తుందన్నది చాలావరకు రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. పేస్ట్ పొర ఎంత పలచనైంది, కూలర్ ఎంత సమంగా కూర్చుంది. ఈ రెండూ పెట్టె మీద రాసి ఉండవు.

ప్రాసెసర్ పైమూత, కూలర్ అడుగు రెండూ చూపుకి నున్నగానే ఉంటాయి. కానీ రెండు కడప బండలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచున నీళ్ళు పోస్తే లోపలికి ఎలా పాకుతాయో తెలిసిందే. నున్నటి బండల మధ్య కూడా సందులుంటాయి. ఇక్కడ ఆ సందులు మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాయి, వాటి నిండా గాలి ఉంటుంది. రాగి ఉష్ణవాహకత దాదాపు 400, అల్యూమినియంది 235 దాకా, గాలిది 0.026. వేడిని మోయడంలో రాగి కంటే గాలి పదిహేను వేల రెట్లు మొండిదన్నమాట. ఆ గాలిని బయటికి నెట్టి దాని చోట్లో కూర్చోవడమే పేస్ట్ పని. అందులో ఉండేది పెద్ద రహస్యమేమీ కాదు. సిలికాన్ నూనె లాంటి జిడ్డులో జింక్ ఆక్సైడో, అల్యూమినియం ఆక్సైడో, అల్యూమినియం నైట్రైడో, కొన్నిట్లో వెండో మెత్తగా నూరి కలిపిన ముద్ద.

రంగులేసేవాళ్ళ భాషలో చెప్పాలంటే ఇది లప్పం. లప్పం పెట్టేది గోడ గుంతలు పూడ్చడానికి, గోడని లావు చెయ్యడానికి కాదు. ఎంత ఖరీదైన పేస్టయినా రాగి ముందు పాతిక ముప్ఫై రెట్లు వెనకబడే ఉంటుంది. లోహం లోహానికి నేరుగా తగిలే చోట పేస్ట్ అడ్డే. తగలని చోట మాత్రం అదే దిక్కు.

చిన్న లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. పేస్ట్ పరుచుకునే చోటు మూడు సెంటీమీటర్ల చదరం అనుకుందాం. పొర మందం 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. దాటాల్సిన వేడి 100 వాట్లు. మందాన్ని ఉష్ణవాహకతతోనూ వైశాల్యంతోనూ భాగించి, వాట్లతో గుణిస్తే ఆ పొర దగ్గర ఎన్ని డిగ్రీలు ఖర్చవుతాయో వస్తుంది. మధ్యలో గాలి తప్ప ఏమీ లేకపోతే 200 డిగ్రీలు దాటుతుంది. అంతకు చాలా ముందే ప్రాసెసర్ తనంతట తను ఆగిపోతుందనుకోండి. ఉష్ణవాహకత 0.8 ఉన్న తెల్ల కాంపౌండ్ రాస్తే 7 డిగ్రీలు. 4 ఉన్న మామూలు పేస్ట్ అయితే 1.4 డిగ్రీలు. 12 ఉన్న ఖరీదైనదయితే అర డిగ్రీ కన్నా తక్కువ.

తెల్ల కాంపౌండ్ నుంచి మామూలు పేస్టుకి మారితే ఐదారు డిగ్రీలు కలిసొస్తున్నాయి. అక్కడి నుంచి ఖరీదైనదానికి మారితే ఒక్క డిగ్రీ. ఇక మందం మార్చి చూద్దాం. 12 అంకె ఉన్న పేస్టుని సరిగ్గా నొక్కక 100 మైక్రాన్ల మందాన వదిలేస్తే 0.93 డిగ్రీలు ఖర్చు. 4 అంకె ఉన్నదాన్ని గట్టిగా బిగించి 30 మైక్రాన్లకి తెస్తే 0.83. మూడో వంతు అంకె ఉన్న పేస్ట్ గెలిచింది!

లెక్కలో ఒక మెలిక ఉంది, దాన్ని దాచకూడదు. వేడి మూతంతా సమంగా రాదు. కింద ఉన్న అసలు చిప్ చిన్నది. ఎఎండీ కంపెనీ రైజెన్ 7000 వరస ప్రాసెసర్లలో కోర్లు (అసలు లెక్కలు చేసే భాగాలు) ఉండే ముక్క 70 చదరపు మిల్లీమీటర్ల చిల్లర, అంటే మన చిటికెన వేలి గోరంత. వేడంతా ముందు ఆ గోరంత చోటు మీదే పైకి తన్నుకొస్తుంది, మూతలో కాస్తే విస్తరిస్తుంది. అందుకని నిజంగా కనిపించే తేడాలు పై లెక్క కంటే ఎక్కువే ఉంటాయి. మంచి పేస్టుల మధ్య రెండు మూడు డిగ్రీల తేడా మామూలు. అయినా వరస మాత్రం మారదు. ముందు నాసిరకం వదలడం, తర్వాత పలచగా బిగించడం, ఆ తర్వాతే అంకెల పోటీ.

ఆ అంకెల్ని కూడా కొంచెం అనుమానంగానే చూడాలి. పొర వేడికి పెట్టే అడ్డంకిని కొలవడానికి ఎఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ డి5470 అనే పద్ధతి ఉంది. కానీ పేస్టుని ఎంత ఒత్తిడితో, ఎంత మందంతో, ఏ వేడిమి దగ్గర కొలిచారన్నది పెట్టె మీద ఉండదు. ఒక కంపెనీ 12.5కీ ఇంకో కంపెనీ 8.5కీ పక్కపక్కన పెట్టి చూసేంత చుట్టరికం లేదు. పైగా అంకె పెరగాలంటే పొడి ఎక్కువ కలపాలి, పొడి ఎక్కువైతే ముద్ద గట్టిపడుతుంది, గట్టి ముద్ద పలచగా పరుచుకోదు. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాగేసుకున్నట్టే.

మందం ఎంత పని చేస్తుందో ఇంటెల్ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 2011 నాటి శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లలో చిప్‌నీ పైమూతనీ టంకంతో అతికించారు. 2012లో ఐవీబ్రిడ్జ్ వచ్చేసరికి టంకం పోయి లోపల పేస్ట్ చేరింది. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళు, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపేవాళ్ళు, భగ్గుమన్నారు. ఇంటెల్ చవకబారు పేస్ట్ వేసిందని తిట్టి, బ్లేడుతో మూతలు పీకడం మొదలుపెట్టారు. తీరా చూస్తే పేస్ట్ ఒక్కటే దోషి కాదు. మూత అంచుల్ని అతికించిన నల్లటి జిగురు మందం వల్ల మూత చిప్ మీద పూర్తిగా ఆనడం లేదు, ఆ ఖాళీని పేస్ట్ నింపాల్సి వస్తోంది. జిగురు గీకేసి, మళ్ళీ మామూలు పేస్టే రాసి మూసినవాళ్ళకి కూడా డిగ్రీలు బాగా దిగాయి. చివరికి 2018లో తొమ్మిదో తరం ఐ9-9900కెతో ఇంటెల్ టంకానికే తిరిగొచ్చింది.

మరి ఏది కొనాలి? విద్యుత్తు పారనిది, ఆరి రాయిలా మారనిది, పేరున్న కంపెనీది, మధ్యరకం ధరది. ఆర్కిటిక్ ఎమ్‌ఎక్స్ వరస, నాక్టువా ఎన్‌టీ-హెచ్ వరస, థర్మల్ గ్రిజ్లీ క్రయోనాట్ లాంటివి ఏవైనా సరే, వాటి మధ్య ఎంపిక కోసం రాత్రంతా వీడియోలు చూడక్కర్లేదు. కూలర్‌తో పాటు డబ్బాలో వచ్చిన పేస్ట్ ఉంటే చాలాసార్లు అదే సరిపోతుంది. ఇంటెల్, ఎఎండీ తమ ప్రాసెసర్లతో ఇచ్చే కూలర్లకి అడుగున ముందే పేస్ట్ రాసి ఉంటుంది. దాని మీద ఇంకో పొర వెయ్యడం దోసె మీద దోసె పోసినట్టు. వేస్తే పాతది పూర్తిగా తుడిచి కొత్తది వెయ్యాలి, లేకపోతే ఉన్నదాన్ని అలాగే వాడుకోవాలి.

టూత్‌పేస్ట్ రాసినా పని చేస్తుందన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. చేస్తుంది, తడి ఉన్నంతసేపు. నీళ్ళు ఆవిరయ్యాక మిగిలేది నెర్రెలిచ్చిన సున్నం లాంటి పొర.

లిక్విడ్ మెటల్ సంగతి వేరు. గ్యాలియం, ఇండియం, తగరం కలిపిన ఈ మిశ్రమం ఉష్ణవాహకత పేస్టులకి అందనంత పైన ఉంటుంది. కొందరు 73 అని రాస్తారు. సోనీ 2020లో తెచ్చిన ప్లేస్టేషన్ 5లో వాడింది ఇలాంటిదే. కానీ ఇందులో విద్యుత్తు పారుతుంది. ఒక్క బొట్టు పక్కకి జారి మదర్‌బోర్డు మీద పడితే బోర్డు ఆశ వదులుకోవచ్చు. అల్యూమినియం అడుగున్న కూలర్‌కి రాస్తే గ్యాలియం ఆ లోహంలోకి దూరి దాన్ని బిస్కెట్‌లా పెళుసు చేసేస్తుంది. ఫ్యాక్టరీలో చుట్టూ గట్టు కట్టి వేసే పనిని డైనింగ్ టేబుల్ మీద చెయ్యాలంటే, రెండు మూడు డిగ్రీల కోసం అంత రిస్కు అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. ప్రాసెసర్‌కి పైమూత ఉన్న డెస్క్‌టాప్‌లో అవసరం లేదనే చెప్పాలి.

ఇక ఎంత రాయాలి? ఇంగ్లిష్ వీడియోల్లో బఠాణీ అంత అంటారు. బఠాణీ గింజల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయి, ఆ మాటతోనే సగం గొడవ. ముందు వేసిన లెక్కే తీసుకుంటే, మూడు సెంటీమీటర్ల చదరం మీద 50 మైక్రాన్ల పొరకి కావాల్సింది 45 ఘనపు మిల్లీమీటర్ల పేస్ట్. దాన్ని ఉండ చేస్తే నాలుగున్నర మిల్లీమీటర్ల అడ్డుకొలత వస్తుంది. పెసరగింజ కంటే కాస్త పెద్దది, పెద్ద బఠాణీ కంటే చిన్నది, అంటే దగ్గరదగ్గర కందిగింజ. కొంచెం ఎక్కువైతే ముంచుకుపోయేదేమీ లేదు. బిగించినప్పుడు మిగులు అంచుల్లోంచి బయటికొస్తుంది. విద్యుత్తు పారని పేస్ట్ అయితే అది మురికి తప్ప ప్రమాదం కాదు. తక్కువైతేనే తిప్పలు, మూల ఎక్కడో గాలి మిగిలిపోతుంది. కాబట్టి అనుమానం వస్తే పిసరు ఎక్కువ వైపే మొగ్గడం మేలు.

చదరపు మూతకి మధ్యలో ఒక్క ఉండ చాలు. 2021లో వచ్చిన ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ప్రాసెసర్లు పొడవాటివి కాబట్టి మధ్యలో ఒకటి, నాలుగు మూలల దగ్గర చిన్నవి నాలుగు పెడితే మూలలు కూడా తడుస్తాయి. అడ్డగీతా, ఇంటూ గుర్తా, కార్డు ముక్కతో వెన్నలా పూయడమా అన్నది చేతి అలవాటు. ఆకారం మీద జరిగే వాదనలు ఎక్కువ, తేలే డిగ్రీలు తక్కువ. పూయడంలో ఒక్క చిక్కుంది. కార్డుతో పూసినప్పుడు పైన గట్లూ గుంతలూ పడితే వాటి మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఉండ అయితే నొక్కేకొద్దీ మధ్య నుంచి అంచులకి పాకుతూ గాలిని తనే తోసుకుపోతుంది. ఎఎండీ ఎఎమ్5 సాకెట్ ప్రాసెసర్ల మూతకి అంచుల్లో గాట్లు ఉంటాయి, వాటి మధ్య బుల్లి కెపాసిటర్లు బయటికి కనిపిస్తుంటాయి. మిగులు పేస్ట్ వాటి మధ్యకి పోతే పాడయ్యేది లేదు గానీ, తర్వాత తుడవడానికి అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి కూర్చోవాలి.

అంతకంటే ముందు పాత పేస్ట్ పోవాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ ఉంటే రెండు నిమిషాల పని. శానిటైజర్‌తో తుడవకూడదు. చాలావాటిలో గ్లిసరిన్ ఉంటుంది, అది పలచటి జిడ్డుపొరగా మిగిలిపోతుంది. తుడిచాక వేలు తగలనివ్వకూడదు. ఇంకో సంగతి, చెప్తే నవ్వొస్తుంది కానీ మెకానిక్కుల్ని అడిగితే తెలుస్తుంది: కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, దాన్ని పీకకుండా బిగించేసేవాళ్ళు తక్కువేమీ కాదు. అంకె ఎంతున్న పేస్ట్ రాసినా ఆ ప్లాస్టిక్ ముందు దండగ.

బిగించడం కారు స్టెప్నీ మార్చినట్టే. ఒక నట్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోతే చక్రం ఒక వైపుకి ఒరుగుతుంది. ఇక్కడా అంతే. ఒక స్క్రూ రెండు చుట్లు, దానికి ఎదురు మూలది రెండు చుట్లు, తర్వాత మిగిలిన రెండు, మళ్ళీ మొదటిది. అలా ఆగేదాకా. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే కూలర్‌కైతే స్క్రూలు ఉండవు, నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. వాటిలో ఒకటి పూర్తిగా దిగకుండా ఆగిపోవడం చాలా మామూలు. బోర్డు తిప్పి వెనక నుంచి నాలుగూ బయటికొచ్చాయో లేదో కళ్ళతో చూసుకోవాలి. బిగించాక, బాగా పరుచుకుందో లేదో చూద్దామని కూలర్ ఎత్తారా, గాలి లోపలికి వచ్చేసినట్టే. మళ్ళీ తుడిచి మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అన్నం ఉడికిందో లేదో అని మాటిమాటికీ కుక్కర్ మూత తీసేవాళ్ళకి ఇది కష్టమే.

ఎత్తకుండా తెలుసుకునే దారి ఉంది. ప్రాసెసర్ వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ప్రోగ్రాం తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టి, డిగ్రీలు ఎలా పెరుగుతున్నాయో గమనించాలి. భారం పడిన ఒకటి రెండు సెకన్లలోనే 90 దాటి, కూలర్ అడుగు ముట్టుకుంటే చల్లగానే ఉంటే వేడి కూలర్‌లోకి ఎక్కడం లేదు. తప్పు పేస్ట్ దగ్గరో బిగింపు దగ్గరో ఉంది. అలా కాకుండా ఐదు పది నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కుతూ పోతే వేడి కూలర్‌లోకి బాగానే వస్తోంది, కూలర్ నుంచే బయటికి పోవడం లేదు. రెక్కల్లో దుమ్మో, ఫ్యాన్ తిరగకపోవడమో, కేబినెట్‌కి గాలి ఆడకపోవడమో కారణం. రెండో రకం జబ్బుకి పేస్ట్ మార్చడం పంటి నొప్పికి కళ్ళజోడు మార్చినట్టే. కొత్త ప్రాసెసర్లతో మాత్రం కాస్త జాగ్రత్తగా చదవాలి. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరసలోని పెద్ద ప్రాసెసర్లు పూర్తి భారం మీద 95 డిగ్రీల దాకా వెళ్ళేలాగే తయారయ్యాయి. చల్లదనం కాస్త మిగిలితే వేగం పెంచి దాన్ని తినేస్తాయి. వాటిలో పేస్ట్ మంచి చెడ్డలు డిగ్రీల్లో కాక మెగాహెర్ట్జ్‌లో కనిపిస్తాయి.

పేస్ట్ ఎప్పుడు మార్చాలన్నదానికి పంచాంగం లేదు. డెస్క్‌టాప్‌లో మంచి పేస్ట్ ఏళ్ళ తరబడి ఉంటుంది. అదే పని, అదే గది, దుమ్ము కూడా దులిపాం, అయినా డిగ్రీలు మునుపటి కంటే బాగా ఎక్కువ వస్తున్నాయంటే అప్పుడు మార్చాలి. ఏడాదికోసారి సరదాగా విప్పడం వల్ల వచ్చే లాభం కన్నా విప్పేటప్పుడు వచ్చే ప్రమాదం పెద్దది.

ఆ ప్రమాదం ఎఎమ్4 సాకెట్ ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ. రైజెన్ మొదటి తరం నుంచి 5000 వరస దాకా, మన దగ్గర ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో తిరుగుతున్న ప్రాసెసర్లివి. వీటిలో 1331 పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్ ఆ పిన్నుల్ని పట్టుకుంటుంది అంతే. పైన ఇనుప చట్రం ఏదీ ఉండదు. ఏళ్ళు గడిచి పేస్ట్ బంకలా మారాక కూలర్‌ని నిటారుగా పైకి లాగితే, ప్రాసెసర్ దానికే అతుక్కుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. లాక్ లివర్ ఎత్తుదామంటే కూలర్ అడ్డం. ఊడిన ఊపులో వంకరపోయిన పిన్నుల్ని సన్నటి పెన్సిల్ మూతితో ఒక్కొక్కటే నిలబెడుతూ కూర్చున్నవాళ్ళకే ఆ పని ఎంత యాతనో తెలుసు. నివారణ తేలిక. విప్పే ముందు పావుగంట కంప్యూటర్‌ని బరువైన పనిలో పెట్టాలి. పేస్ట్ వేడెక్కి మెత్తబడుతుంది. ఆపి, కరెంటు తీసి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ని గడియారం ముల్లులా కొంచెం కుడికీ కొంచెం ఎడమకీ తిప్పాలి. పట్టు వదిలిందని చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తాలి. ఇంటెల్ సాకెట్లకీ, ఎఎమ్5కీ ప్రాసెసర్‌ని పట్టుకునే చట్రం ఉంటుంది కాబట్టి ఈ బెంగ లేదు.

ల్యాప్‌టాప్‌లో కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ పైమూత ఉండదు, కూలర్ నేరుగా చిప్ మీదే కూర్చుంటుంది. వేడెక్కినప్పుడు వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచించి, రోజుకి ఎన్నోసార్లు జరిగే ఈ కదలికకి పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకి పోతుంది. దీన్ని పంప్ అవుట్ అంటారు. డెస్క్‌టాప్‌లో మంచిదని మెచ్చుకున్న పలచటి పేస్టే ఇక్కడ కొన్ని నెలల్లో మధ్యలో ఖాళీ చేసి పెడుతుంది. ల్యాప్‌టాప్‌కి కాస్త చిక్కటి పేస్ట్, లేదా ఫేజ్ చేంజ్ షీట్ మేలు. హనీవెల్ పీటీఎమ్7950 ఇందులో పేరున్నది. గది వేడిమిలో పలచటి రేకులా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి, ఒత్తిడికి పరుచుకుని, చల్లారాక మళ్ళీ గట్టిపడుతుంది కాబట్టి అంచులకి పారిపోదు. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య వస్తుంది. వేసవిలో పొర విడదీస్తుంటే రేకు సాగిపోతుంది, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చక్కగా విడుస్తుంది.

వేసవి అంటే గుర్తొచ్చింది. విదేశీ సమీక్షల్లో కనిపించే పట్టికలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో తీసినవి. కూలర్ చెయ్యగలిగింది గది కంటే ఇన్ని డిగ్రీలు పైన నిలబెట్టడం, అంతే. 25 డిగ్రీల ఏసీ గదిలో 75 దగ్గర నిలిచిన ప్రాసెసర్, మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఫ్యాన్ కింద 38 డిగ్రీల గదిలో 88 దగ్గర నిలుస్తుంది. ఆ పదమూడు డిగ్రీల్ని పూడ్చే పేస్ట్ ఏ సిరంజిలోనూ దొరకదు. ఇంకా డబ్బు పెట్టదలుచుకుంటే, ఖరీదైన సిరంజికి బదులు కేబినెట్‌కి ముందు ఒక ఫ్యాన్ పెట్టిస్తే దానికి తగిన ఫలితం కనిపిస్తుంది.

మిగిలిన పేస్ట్ పారెయ్యక్కర్లేదు. నాలుగు గ్రాముల సిరంజి పది ప్రాసెసర్లకి తేలిగ్గా వస్తుంది. మూత గట్టిగా పెట్టి, ఎండ తగలని బీరువాలో, మూతి కిందికి ఉండేలా నిలబెడితే చాలు. రెండేళ్ళ తర్వాత తీసినప్పుడు ముందు నూనె బొట్టు వస్తే దాన్ని కాగితం మీద పిండేసి, ముద్ద సమంగా వస్తోందేమో చూడాలి. పొడి పొడిగా విరిగిపోతుంటే ఆ సిరంజి పని అయిపోయినట్టే.